పొంగని ట్రే

వంటింట్లో నలుగురం ఉన్నాం: అమ్మ, ఎనిమిదో నెలతో పురిటికి వచ్చిన అక్క, పండగకి గుడివాడ నుంచి దిగిన బావ, నేను. ఇంకా ఉన్నవి: గుండ్రటి అల్యూమినియం ఓవెన్, దానికో స్టెబిలైజర్, రెండు అట్టల గుడ్లు, పెదపారుపూడి నుంచి తెప్పించిన వెన్న, మైదా, పొడి చేసిన పంచదార, వెనిలా ఎసెన్సు, కాగితపు కప్పుల కట్టలు. సండే స్కూలు పిల్లలకి క్రిస్మస్ రోజున తలా ఒక కప్ కేకు ఇస్తానని అమ్మ చర్చిలో మాటిచ్చింది. బందరులో బేకరీలు లేక కాదు. కొని పంచితే అమ్మకి తృప్తి ఉండదు.

వెన్న, పంచదార గిలకొట్టే పని బావ తీసుకున్నాడు.

"మీకెందుకండీ అల్లుడు గారూ ఈ శ్రమ?" అంది అమ్మ.

"ఉండండి అత్తయ్యా. మీ ఇంజనీరు గారు గిలకొడితే వచ్చే క్రిస్మస్‌కి అవుతాయి."

నేను అప్పుడు డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. నా పని ఓవెన్ చూసుకోవడం. విడతకి పన్నెండు కప్పులే పట్టేవి. పిండి కలిపి ఉంచేస్తే పొంగు తగ్గుతుందని ఏ విడతకి ఆ విడత కలిపేవాళ్లం. ఐదు ట్రేలు చక్కగా పొంగాయి. బావ చేతులు కడుక్కుని, వరండాలో పక్కింటి వాళ్లతో క్యారమ్స్ ఆడటానికి వెళ్లాడు. ఆరో ట్రే పొంగలేదు. కేకులు అడుగునే ఉండిపోయి, పైన బీటలు వేశాయి.

"లో వోల్టేజీ అయ్యుంటుంది. ఇవి ఎవరికి పెడతాం? మనమే తినేద్దాం," అంది అమ్మ.

అక్కకి ఆ రోజుల్లో ఎప్పుడూ ఆకలే. "బానే ఉన్నాయి, కాస్త గట్టిగా ఉన్నాయంతే," అంటూ మూడు తినేసింది. మేం ఇంకా ముట్టుకోలేదు.

అప్పుడు బావ గుమ్మంలోకి వచ్చాడు. "అత్తయ్యా, ఈ అలమరలో నా క్యారమ్ పౌడర్ పెట్టాను, చూశారా?"

"ఎందులో పెట్టారండీ?"

"బేకింగ్ పౌడర్ డబ్బా పాతది ఖాళీగా ఉంటే అందులో పోశాను. పొట్లంలో ఉంచితే గడ్డ కట్టేస్తోంది."

మంగినపూడి సముద్రం వైపు నుంచి వీచే తడి గాలికి మా ఇంట్లో ఏ పొడీ విడిగా నిలిచేది కాదు. అన్నిటికీ గట్టి మూతల డబ్బాలే. కొత్త డబ్బా ఐదో ట్రేతో అయిపోయింది. పోయినేడాది మిగిలింది ఉందనుకుని అమ్మ రెండోది తీసింది. ఆ డబ్బాలో చెంచా ఇంకా నిలబడే ఉంది.

క్యారమ్ పౌడర్ అంటే బోరిక్ పౌడర్, బొద్దింకల్ని చంపడానికి వాడేది. కొత్త డబ్బా అడుగున అంటుకున్న కాస్త పొడి మీద నిమ్మరసం పిండాను. బుసబుసా నురగ వచ్చింది. రెండో దాని మీద పిండాను. ఏమీ కాలేదు. దాన్ని స్టీలు మూతలో వేసి, దెబ్బలకి రాసే స్పిరిట్ పోసి అంటించాను. మంట అంచు బోరిక్‌కి వచ్చే ఆకుపచ్చ రంగులో వెలిగింది. కాలేజీ ల్యాబ్‌లో ఆ రంగు చూస్తే మార్కులు వేసేవారు. ఆ పదార్థం కడుపుతో ఉన్న మనిషిని ఏం చేస్తుందో మా పుస్తకంలో లేదు.

"ఏంట్రా ఆ మొహం?" అంది అక్క. "ఏమన్నా అవుతుందా?"

"తెలీదక్కా."

ఆసుపత్రికి రిక్షాలో అక్కా బావా ముందు వెళ్లారు, వెనక సైకిల్ మీద నేను. దారంతా మనసులో ఒకే లెక్క: చెంచా పొడి పన్నెండు భాగాలు, అందులో మూడు, అంటే పావు చెంచా. పావు చెంచా అంటే ఎక్కువా, తక్కువా?

డాక్టరమ్మ కూడా ఎంత తిందనే అడిగింది. చెప్పాను. అక్క పొట్ట మీద చాలాసేపు విన్నది. "తిన్నది తక్కువే. ఇప్పటికి గుండె బాగానే కొట్టుకుంటోంది. నీళ్లు బాగా తాగించండి. బిడ్డ కదలిక తగ్గినట్టనిపిస్తే వెంటనే తీసుకురండి."

‘ఇప్పటికి’ అన్న మాట నాతో పాటు ఇంటికి వచ్చింది.

పొంగని కేకులు కోళ్లు, కుక్కలు ముట్టకుండా బావ పెరట్లో లోతుగా తవ్వి పూడ్చాడు. పొంగిన అరవై చర్చికి వెళ్లాయి. పొంగాయంటే వాటిలో పడింది అసలు పౌడరేనని అమ్మకి నేనే చెప్పాను. అయినా పిల్లలు తింటున్నంతసేపూ పక్కగా నిలబడి ఒక్కొక్కరి మొహమే చూశాను.

ఆ తర్వాత ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న. "కదిలిందా?"

"గేమ్ మొదలెట్టాడు," అనేది అక్క. "మీ బావ కన్నా నయం. రెడ్ కూడా వేసేలా ఉన్నాడు."

బావ నవ్వేవాడు కాదు. పండగ సెలవులైపోయినా గుడివాడ వెళ్లలేదు.

జనవరిలో ఒక రోజు అక్క పొద్దుటి నుంచీ జోకు వెయ్యలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని, తినకుండా, "ఇవాళ కదల్లేదే అమ్మా," అంది. అమ్మ ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టి గ్లూకోజ్ నీళ్లు తాగించింది. బావ రిక్షా కోసం పరిగెత్తాడు. నేను ఫ్యాన్ ఆపేశాను. చప్పుడు లేకపోతే బిడ్డ కదలిక వినిపిస్తుందన్నట్టు. అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. అక్క కళ్లు మూసుకుని, నా చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. చాలాసేపు ఏమీ లేదు. నా అరచేతి కింద ఆమె ఊపిరి ఒక్కటే తెలుస్తోంది. రిక్షా గంట గుమ్మంలో మోగింది. అప్పుడు లోపలి నుంచి చిన్నగా, మడమతో పొడిచినట్టు, ఒక్క పోటు.

అయినా ఆసుపత్రికి వెళ్లాం. అక్కడే ఉంచేశారు. మర్నాడు ఉదయం కాన్పు అయింది. నర్సు తలుపు తీసి, "ఆడపిల్లండీ, ఇద్దరూ బాగున్నారు," అంది. "ఇద్దరూనా?" అని బావ మళ్లీ అడిగాడు. నేను బరువెంత అని అడిగాను.

రెండు కిలోల ఏడువందల గ్రాములు.