నెట్ పెట్టె మీద తడిగుడ్డ

ఆ ఎండాకాలమంతా నాకు ఏడుపు రాలేదు. కోపం మాత్రం వచ్చేది, అదీ నెట్ పెట్టె మీద.

బాపు దుబాయిలో ఆసుపత్రిలో ఉన్నాడు. పనిచేసేచోట పైనుంచి పడ్డాక మళ్లీ కళ్లు తెరవలేదు. ఆయనతో ఒకే గదిలో ఉండే గంభీరావుపేట అన్న రోజూ మధ్యాహ్నం ఆసుపత్రికి పోయి మాకు వీడియో కాల్ చేసేవాడు. కొడిమ్యాలలో మా వాడకు కేబుల్ నెట్ రాదు. అందుకే జగిత్యాల పోయి సిమ్ వేసుకునే నెట్ పెట్టె కొనుక్కొచ్చాను. పొద్దున బాగానే ఉండేది. సరిగ్గా ఆ అన్న కాల్ చేసే వేళకు బొమ్మ ఆగిపోయేది.

"చెయ్యి కదిలినట్టైంది బిడ్డా, సూసినవా?" అనేది అవ్వ, మా అమ్మ.

ఆగింది బొమ్మో, మనిషో నాకే తెలిసేది కాదు.

పెట్టెను ఇల్లంతా తిప్పాను. బీరువా మీద పెడితే, ఇనుము పక్కన వద్దని జగిత్యాల షాపాయన ఫోన్లో చెప్పాడు. లోపలి గది కిటికీలో పెట్టి, టవర్ ఉన్న కొండగట్టు దిక్కు తిప్పితే సిగ్నల్ గీతలు పెరిగాయి. హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ అదే తంతు. షాపాయనకు మళ్లీ ఫోన్ చేసి గట్టిగానే అడిగాను.

"ఎండల పెట్టిన్రా ఏంది మేడం? వేడెక్కితె స్పీడు పడిపోతది. ఒక్కసారి సూడున్రి" అన్నాడు.

కాల్ ఎప్పుడూ ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుని మాట్లాడేవాళ్లం. ఆ రోజు కాల్ మధ్యలో లేచి లోపలికి పోయి చూద్దును కదా, పెట్టె మీద తడి గోనెగుడ్డ. బీడీ ఆకు ఎండిపోకుండా అవ్వ కప్పే గుడ్డ. మడతలు వేసి మరీ కప్పింది.

"ఏందవ్వా గిది?"

"కాలుతుంది బిడ్డా. మాడిపోతె మీ బాపు ఎట్ల కనవడుతడు? బీరువ మీదున్నప్పుడు గూడ గట్లనే కప్పిన."

తడిగుడ్డ దాటి సిగ్నల్ రాదు. గాలాడక పెట్టె లోపల ఉడికిపోతుంది. ఇన్నాళ్లూ ఊరికే చచ్చానని అవ్వ మీద అరిచాను. ఆమె గుడ్డ తీసుకుపోయి బీడీల చాట మీద వేసుకుంది.

మర్నాడు పెట్టెను నీడ ఉన్న కిటికీలోకి మార్చి, చిన్న ఫ్యాను దాని వైపు తిప్పాను. కాల్ ఎక్కడా ఆగలేదు.

"చెల్లె, ఇయ్యాల మంచిగ కనవడుతుందా?"

"కనవడుతుందన్నా."

బాపు పక్కన సెలైన్ చుక్క చుక్కగా పడుతోంది. వెనక పరదా కదులుతోంది. బాపు చెయ్యి మాత్రం పెట్టినచోటే ఉంది. అవ్వ చాలాసేపు చూసింది.

"బొమ్మ ఆగిందా బిడ్డా?"

"లేదవ్వా. నడుస్తనే ఉంది."

ఫోను నా చేతికిచ్చి చాట ఒళ్లోకి తీసుకుంది. ఆ పూట ఒక్క బీడీ చుట్టలేదు. నాకేమీ అనిపించలేదు. ఆకలి కూడా వేయలేదు.

మరుసటి రోజు కాల్ వేళకు కిటికీ దగ్గరికి పోయాను. పెట్టె మీద తడిగుడ్డ ఉంది. అవ్వ తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తోంది. నేను గుడ్డ తీయలేదు. ముందు గదిలోకి వచ్చి ఫోను ఎత్తాను. కాసేపటికి బొమ్మ ఆగింది.

"చెయ్యి కదిలినట్టైంది గద బిడ్డా" అంది అవ్వ.

"అవునవ్వా, కదిలింది" అన్నాను.