హద్దురాయి కింద బొగ్గు

"కర్ర చీకిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, మనిషి మాట మారుస్తాడు. బొగ్గొక్కటే వందేళ్లయినా నేలలో అలాగే పడి ఉంటుంది," అనేవాడు రాళ్లాయన. హద్దురాయి పాతే ముందు గుంతలో దోసెడు బొగ్గులు పోయడం అతని పద్ధతి. ఎవడైనా దొంగచాటుగా రాయి జరిపితే, తవ్వి అసలు హద్దు చూపించవచ్చు. పాత శాసనాలు తిరగేసే దురద ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను, ఈ ఉపాయం చాలా దేశాల్లో ఉండేది. అతను మాత్రం చదివి నేర్వలేదు, తండ్రి వెనక గునపం మోసి నేర్చాడు.

నేను మొదటిసారి వెళ్లేనాటికి అతని ఊరు మూడు వందల గడప, ఒక రేవు, ఒక టీకొట్టు. బస్సు కూడా మమ్మల్ని ఊరి బయటే దించి తప్పించుకుపోయేది. ఇప్పుడక్కడ మేడల చివరి అంతస్తు చూడాలంటే మెడ పట్టేస్తుంది. మధ్యలో ఏం జరిగిందంటే, ప్రభుత్వం వ్యాపారానికి తలుపులు బార్లా తెరిచింది. పన్నులు ఎత్తేసి, బయటి పెట్టుబడికి పీట వేసింది. పీట వేయాలంటే జాగా కావాలి కదా!

రాళ్లాయన అక్క పడవలకు తాళ్లు పేనేది. ఆ పనికి చేతులకన్నా ముందు పొడవాటి నేల కావాలి. ఇంటి వెనక నూట ఇరవై అడుగుల బాట, ఒక కొసన చక్రం. పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి నడిచేది. "నలభై ఏళ్లుగా వెనక్కే నడుస్తున్నా, ఒక్కసారీ దేనికీ తగల్లేదు. ముందుకు నడిచేవాళ్లే పడుతుంటారు," అని నవ్వేది.

కొత్త పారిశ్రామిక మండలానికి హద్దులు వేయడానికి సర్వేయరు రాళ్లాయన్నే పిలిచాడు.

"నీ రాయంటే ఊరికి గురి, బాబాయ్. నువ్వు పాతితే ఎవరూ నోరెత్తరు."

మనవాడు పొంగిపోయాడు. సర్వేయరు చూపించిన గీత అక్క బాటకు పది అడుగుల అవతలే ఆగింది. అక్కడే రాయి పాతాడు.

"ఒరేయ్, ఇది దాటి రారు కదా?" అంది అక్క.

"నా రాయక్కా. కింద బొగ్గేశాను."

ఆ మాట మీదే ఆమె, మండలం హద్దులకు ఒప్పుకుంటున్నామనే కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆమెను చూసి వీధి వీధంతా వేసింది.

ఏడాదిన్నరకు యంత్రాలు వచ్చి తాళ్ల బాట మీదే నిలబడ్డాయి. ఎవరో రాయి జరిపారనుకుని రాళ్లాయన పరుగున వెళ్లి తవ్వాడు. రాయి కిందే ఉన్నాయి బొగ్గులు, పోసినవి పోసినట్టే. వాటిని తువ్వాలులో మూటకట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

"రాయి జరగలేదు సార్. ఇదిగో సాక్ష్యం. మీ యంత్రాలే హద్దు దాటాయి."

"జరిగిందని ఎవరన్నారు బాబాయ్?" అన్నాడు సర్వేయరు, గోడ మీది పటం చూపిస్తూ. "మీ అక్కగారి బాట మొదటినుంచీ లోపలే ఉంది."

పటం కింద ముద్ర, ముద్రలో తేదీ. అతను రాయి పాతడానికి ఎనిమిది నెలల ముందుది.

"మరి నాచేత రాళ్లెందుకు పాతించారు?"

"వేలిముద్రలు పడేదాకా జనం గోల చెయ్యకూడదు కదా. కూర్చో బాబాయ్, టీ చెప్తాను."

టీ తాగకుండానే వచ్చేశాడు. బొగ్గుల మూట ఆ బల్ల మీదే మరిచిపోయాడు. మళ్లీ గునపం పట్టలేదు.

అక్కకు తొమ్మిదో అంతస్తులో రెండు గదులిచ్చారు. "నీకు ముందే తెలుసా?" అని ఒక్కసారి అడిగిందట. "తెలీదక్కా, ఒట్టు," అన్నాడట. "ఆ రోజూ ఇంత గట్టిగానే చెప్పావు," అందట.

మొన్న నేను వెళ్లేసరికి ఆమె వరండాలో తాడు పేనుతోంది. కొనేవాళ్లు లేరు, చేతులు ఊరుకోవట. రాళ్లాయన రోజూ వస్తాడట, చక్రం తిప్పడానికి. ఆమె వెనక్కి నడిచింది. ఆరు అడుగులు, పన్నెండు, పద్దెనిమిది. వీపు గోడకు తగిలింది.

"ఇక్కడ రాయేమీ పాతలేదు కదరా," అంది తమ్ముడితో. "మరి ఆగిపోయానేం?"

అతను తల వంచుకుని చక్రం వెనక్కి తిప్పాడు, ఆమె మళ్లీ మొదలుపెట్టడానికి.