కుందేలికి లంఖణం

ఆ రోజు కుందేలు బోనులో గడ్డి తీసేసింది నేనే. ఇవాళ పొద్దున మా అపార్టుమెంటు లిఫ్టులో ఒక అమ్మాయి, బుట్టలో కుందేల్ని పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెడుతూ, రాత్రి నుంచి ఏమీ తినలేదు తాతగారూ అంటే, లిఫ్టు తలుపు పట్టుకుని ముందు తనని దిగనిచ్చాను. ఒక్క రాత్రికే అంత కంగారు! నేను రెండు రోజులు చూస్తూ ఊరుకున్నవాణ్ణి.

ఎనభైల మొదట్లో సంగతి. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, గోపాలపట్నంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నాతో పనిచేసే భీమిలి మిత్రుడి ఇంట్లో కుందేళ్ళు పెంచేవారు. వాటిలో ఒక తెల్లదాన్ని ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి తెచ్చి ఇచ్చాడు. స్కూలుకు వెళ్ళేముందు మా అమ్మాయి గరిక కోసుకొచ్చి, రెండు కొత్తిమీర కాడలు కలిపి బోనులో వేసేది. నేను మాత్రం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, బిస్కెట్టు ముక్కో, మా ఆవిడ బూరెలు వండిన రోజున బూరె ముక్కో, అది వెనక కాళ్ళ మీద లేచి అడుగుతుంటే మురిసిపోయి పెట్టేవాణ్ణి.

ముసురు పట్టిన ఒక శనివారం పొద్దున అది మూలకు ముడుచుకుని కూర్చుంది. గరిక వాసన చూసి తల తిప్పుకుంది. రోజూ గుప్పెడేసి ఉండే పెంటికలు ఆ పూట మిరియాలంత, అవీ నాలుగైదే. దగ్గరికి వంగితే పళ్ళు నూరుతున్న సన్నని చప్పుడు. కడుపు చెడితే లంఖణం. మా నాన్న మాకూ, నేను మా అమ్మాయికీ చేయించిన వైద్యం అదే కనుక, గడ్డి మొత్తం తీసేశాను. పైగా అడ్డమైన ఆకులూ పెట్టి దాని కడుపు పాడుచేశావని మా అమ్మాయిని కసిరాను. ముందు రోజు నేను రెండు బూరెలు తినిపించిన సంగతి మాత్రం పైకి అనలేదు.

ఆదివారం నాటికి బోను కింద పరిచిన పేపరు వేసింది వేసినట్టే ఉంది. ఒక్క పెంటికా లేదు. ఆ శుభ్రం చూసి లంఖణం పనిచేస్తోందనుకున్నాను. పొట్ట మాత్రం ఉబ్బి, బిగుసుకుపోయింది.

మధ్యాహ్నం మిత్రుడు వచ్చాడు. బోను చూడగానే ఆయన మొహం మారిపోయింది.

“ఏటి బావా, గడ్డి తీసీసినావేటి?”

లంఖణం అన్నాను.

“మీ గోదారోళ్ళు కుందేలికి కూడా పత్తెం పెడతారేటి! దీని పొట్ట ఎప్పుడూ ఆడతా ఉండాలి బావా. ఆగిందంటే పేనం మీదికే. పెంటికలు తగ్గినప్పుడే నాకు కబురు సెయ్యొద్దా?”

చెవులు పట్టుకుని చూశాడు. “సల్లబడిపోనాయి” అన్నాడు మెల్లగా. ఆదివారం పశువుల ఆసుపత్రి లేదు. గోరువెచ్చని నీళ్ళు ఇంకు ఫిల్లరుతో చుక్కచుక్కగా పట్టాడు, పొట్ట మెత్తగా నిమిరాడు, లేత గరిక మూతికి ఆనించాడు. దీనికేం పెట్టారని అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపే మా అమ్మాయి, “నేనే మావయ్యా, కొత్తిమీర పెట్టాను” అంది.

నేను బూరెల సంగతి దాటేసి, ఫిల్లరులో మళ్ళీ నీళ్ళు నింపి అందించాను. పొద్దు గూకకముందే కుందేలు పోయింది.

నాలుగో రోజు, వీధిలో కుక్కపిల్లకు అన్నం ముద్ద పెట్టబోయి, మా అమ్మాయి చెయ్యి వెనక్కి తీసేసుకోవడం గుమ్మంలోంచి చూశాను. ఇప్పటి తండ్రులు పిల్లలకు ఎంత తేలిగ్గా సారీ చెబుతారో! మన తరంలో ఆ అలవాటే లేదు. మా నాన్న నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. అయినా మా అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, బూరెల సంగతీ గడ్డి సంగతీ చెప్పాను.

“గడ్డి ఉంచుంటే బతికేదా నాన్నా?”

“బతికేదేమోనమ్మా.”

అంతకంటే తీపిగా చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. మర్నాడు సెలవు పెట్టి, మా అమ్మాయితో భీమిలి బస్సెక్కి, మిత్రుడి ఇంటి అరుగు మీద, తను వింటుండగా, ఆ తప్పు నాదేనని ఆయనకు మొదటి నుంచీ చెప్పాను.