కోడలి కన్ను, కొడుకు చెయ్యి

నా కోడలి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కుడి కంట్లో రక్తం దిగి అంతా మసక. కొట్టినవాడు నా కొడుకు. తెరుబలి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని, చేతులు ఇనుములా ఉంటాయి. ఆమె కంప్యూటర్ సెంటర్లో వెబ్ పేజీలు రాయడం నేర్చుకోవడం వాడికి గిట్టదు. అక్కడ మగాళ్ళు ఉంటారట. రాయగడ వీధులు ఊడ్చినన్నాళ్ళూ నా చుట్టూ మగాళ్ళే. ఆ జీతంతో వండిన అన్నం వాడికి బాగానే గొంతు దిగింది.

మధ్యాహ్నం లోపు ఆమె ఒక పేజీ చేసి పంపాలి. అది పనిచేస్తే సెంటర్ వాళ్ళు ఉద్యోగం ఇస్తారు, లేకపోతే లేదు. వాడు బయటికి వెళ్ళగానే గడియ వేసి లాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టాను.

"నాకు కానరావట్లేదత్తా."

"నాను సదువుతాను. నువ్వు కొట్టు."

నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక వచ్చాయి. ఇంగ్లీషు ఈ పిల్లే నేర్పింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం పలకగలను, అర్థం తెలియదు. ఆమె వేళ్ళు చూడకుండానే మీటలు వెతుక్కున్నాయి. తెర మీద పేరు రాసే గడి, దాని కింద బటన్ వచ్చాయి. గడి ఖాళీగా ఉంచి నొక్కితే 'పేరు రాయండి' అనాలి. నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు.

తెర అడుగున ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. చదివి వినిపించాను.

"బటన్‌ని పలికించడానికి మనం రాసిన స్క్రిప్టు బటన్‌కి పైనుందేటత్తా?"

"పైనే ఉంది."

"అదీ సంగతి. పేజీని పైనుంచి కిందకి సదువుతాది కంప్యూటరు. బటన్ ఇంకా పుట్టకుండానే పిలిచీసేం. అదంతా అడుక్కి దింపాల."

"పుట్టనోడు ఏటి పలుకుతాడమ్మీ. పుట్టినోడే నా మాట ఇనడు."

ఆమె నవ్వబోయింది. పెదవి మళ్ళీ చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది.

స్క్రిప్టు కిందికి దింపుతుండగా తలుపు దబదబలాడింది.

"తియ్యమ్మా. దాని వేళ్ళు ఇరిసేస్తాను, ఎలా రాస్తాదో సూస్తాను."

"తాగి వచ్చేవేట్రా ఇంత పొద్దున్నే?"

తలుపు తన్నాడు. మళ్ళీ బటన్ నొక్కాను. 'పేరు రాయండి' అంది పేజీ. గడియ ఊడి గోడ పెచ్చుతో సహా లోపల పడింది. వాడు ఆమె జుట్టు పట్టుకోబోయాడు. మూలనున్న పార కామ తీసి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. మోకాలి మీద ఇంకొకటి వేశాను. కూలబడ్డాడు.

"అత్తా, పంపాల. తెర మీద బాణం ఎక్కడుందో తెలీట్లేదు."

ఒక కాలు వాడి గుండె మీద ఆనించి, చెయ్యి చాచి బాణాన్ని 'సెండ్' మీదికి జరిపి నేనే నొక్కాను.

ముగ్గురం ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. ఎవరు కొట్టారని డాక్టరు ఒడియాలో అడిగాడు.

"కన్ను ఈడు. సెయ్యి నాను," అన్నాను.

ఆయన ముందు కన్ను చూశాడు. అక్కడుండగానే సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, పేజీ పనిచేస్తోంది, కన్ను తగ్గాక పనిలో చేరమని. నా కొడుకు కట్టు కట్టించుకుంటూ అంతా విన్నాడు.