మా మామ చూసిపెట్టిన అప్పు

పెళ్లయి రెండేళ్లు దాటినా మా మామ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు. కోపమేమీ కాదు, ఆయన తీరే అంత. మదనపల్లె టమోటా మార్కెట్లో ముప్పై ఏళ్లు బాక్సులు మోసిన మనిషి. అన్నం పెడితే తిని "సాలుమ్మా" అని లేచేవాడు.

మా ఊరు పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఉంది. నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆయన కుప్పంలో టీచరు, అక్కడే గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం వచ్చేవాడు. నాకు కష్టమల్లా ఊరి నుంచి పుంగనూరు బస్టాండు చేరడమే. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. డ్యూటీకి ఆలస్యమై నాలుగోసారి మాటపడ్డాక, స్కూటీ కొనుక్కుంటానని ఇంట్లో చెప్పాను. సగం డబ్బు దాచుకుని ఉన్నాను. మిగతా సగానికి అప్పు చేయాలి.

షోరూముకు బయల్దేరిన రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని గడపలో నిలబడ్డాడు. "నేనూ వస్తానుమ్మా" అన్నాడు.

షోరూములో కుర్రవాడు మర్యాదగా కూర్చోబెట్టి, నెలకు ఎంత కట్టాలో కాగితం మీద రాసిచ్చాడు. గంటలో బండి మీదే అన్నాడు. మామ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"నెలనెలా కడతా వస్తే అసలు తగ్గుతాది గదప్పా. వడ్డీ యాల తగ్గదు?"

"ఇది ఫ్లాట్ రేటు పెద్దాయనా, ఎవరికైనా ఇంతే."

"సరేప్పా. ఆలోచన సేసి వస్తాము."

ఆ సాయంత్రం ఆయన వసారాలో పన్నెండు చింతగింజలు పరిచి నన్ను పిలిచాడు. "ఇవి నీకు అప్పిచ్చినా అనుకో. నెలకొకటి నాకు తిరిగిస్తాండావు." ఒక్కొక్కటే తన వైపు లాక్కున్నాడు. నా వైపు ఒకటే మిగిలింది. "ఇప్పుడు నీ దగ్గర ఉండేది ఒగటే. కానీ ఆ పిల్లోడు పన్నెండింటికీ వడ్డీ అడుగుతాండాడు."

చదువుకున్నదాన్ని, నాకది తట్టలేదు. సిగ్గనిపించింది, నవ్వూ వచ్చింది. ఆయన కూడా నవ్వాడు. మామ నవ్వడం అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

మరుసటి ఆదివారం ఇద్దరమూ గుడుపల్లెకు, మా అమ్మ దగ్గరికి పోయాం. అమ్మ మహిళా సంఘంలో ఉంది, అక్కడ వడ్డీ బాగా తక్కువ. "నా పేరు మీద తీసిస్తా, నెలనెలా పంపు" అంది అమ్మ సంతోషంగా.

"ఒక నెల తప్పితే ఏమైతాదమ్మా?" అని మామ అడిగాడు.

"తక్కినోళ్లంతా కలిసి కట్టాల. మళ్లీ నన్నొచ్చి అడుగుతారు."

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "వద్దమ్మా. మా ఇంటి బండి కోసరం నువ్వు నలుగుర్లో మాట పడకూడదు."

తిరుగు బస్సులో, నేను అడగకుండానే చెప్పాడు. పెళ్లయిన కొత్తలో అత్తకు కుట్టుమిషను కొనిచ్చాడట, వారం వారం కట్టే అప్పు మీద. వానలకు మార్కెట్టుకు సరుకు రాక రెండు వారాలు కట్టలేకపోయాడు.

"ఇంటికొచ్చి మిషను ఎత్తుకపోయినారు. సూది కింద ఎవురిదో రవికె సగం కుట్టి ఉండాది. దాన్ని ఊడదీసి మీ అత్త సేతికిచ్చినారు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నన్ను ఒక్క మాటనలేదు ఆమె. తిట్టినా బాగుండు."

నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. తాగి, పుంగనూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో నా గొలుసు కుదువ పెడతానన్నాను. అత్త ఒప్పుకోలేదు. తన కమ్మలు విప్పి నా చేతిలో పెట్టింది. "నువ్వు నలుగుర్లోకి పొయ్యేదానివి, బోసి మెడతో యాల పోవాల? నన్నెవురు సూస్తారు?" ఎంత బతిమాలినా వెనక్కి తీసుకోలేదు.

ఆ కమ్మలు కుదువ పెట్టడానికి పుంగనూరులో బ్యాంకుకు ముగ్గురమూ పోయాం. కట్టిన మేరకు వడ్డీ తగ్గుతుందా అని మామ మూడుసార్లు అడిగాడు. తగ్గుతుందని గుమస్తా ఓపికగా మూడుసార్లూ చెప్పాడు. ఆ వారంలోనే బండి వచ్చింది. జీతం పడిన రోజు నేను ఇంటికి రాగానే మామ "బ్యాంకుకు పోతివామ్మా?" అని అడిగేవాడు. ఆ మాటతో మొదలై ఆసుపత్రి సంగతులు, మార్కెట్టు సంగతులు, అన్నం వేళ దాకా సాగేవి.

ఏడాది తిరక్కముందే అప్పు తీరింది. విడిపించిన కమ్మలు అత్త బ్యాంకు కౌంటరు దగ్గరే పెట్టుకోబోతే ఎడమదాని మర పట్టలేదు. మామ తన మోటు వేళ్లతో మెల్లగా తిప్పి బిగించాడు.

"అందరూ సూస్తాండారు" అంది అత్త.

"సూడనీ" అన్నాడు.

ఈమధ్య మా పక్కింటామె కంతుల మీద టీవీ తీసుకుందామని కాగితం పట్టుకుని మామ దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని ఒకసారి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా కోడలు డ్యూటీ నుంచి రానీమ్మా. ఇద్దరమూ సూసి సెప్తాము."