తాళం తీసిన నీళ్లు

1986 వేసవి. అప్పటిదాకా కొత్తగూడెం చుట్టుపక్కల అడవుల్లో బొగ్గు కోసం డ్రిల్లింగ్ చేసిన నన్ను, మా కాంట్రాక్టరు రిగ్గుతో సహా రాజస్థాన్ ఎడారిలోని ఒక మారుమూల ఊరికి పంపాడు. అక్కడ వెతకాల్సింది మంచినీళ్లు.

మట్టిరంగు ఇళ్లు, నాలుగు ముళ్లపొదలు, అవి దాటితే ఇసుకే ఇసుక. మా అడవిలో రిగ్గుకు అడ్డమొస్తున్నాయని టేకుచెట్లను తిట్టుకున్న నేను, అక్కడ నీడ కోసం లారీ కిందికి దూరాను.

ఇసుక నేలలో రోటరీ డ్రిల్లింగ్ చేస్తారు. బంకమట్టి కలిపిన నీళ్లను, మేం మడ్ అంటాం, రాడ్ల గుండా లోపలికి పంపుతూనే ఉండాలి. ఆగితే బోరు కూలి రాడ్లు ఇరుక్కుపోతాయి. మా దగ్గరైతే వాగులో పైపు వేసి పంపు ఆన్ చేసేవాళ్లం. ఇక్కడ ట్యాంకరే దిక్కు. బోరు సగంలో ఉండగా దాని యాక్సిల్ విరిగిందని కబురొచ్చింది.

మేం దిగిన ఇంటి పెద్దావిడ గోమతీబాయి. ఆమె వాకిట్లో వాననీళ్లు దాచుకునే గుంత, దానికి ఇనుప తలుపు, తాళం.

"ఏందన్నా, నీళ్లకు తాళమా?" అని మొదటి రోజే నోరెళ్లబెట్టాడు మా హెల్పర్ రాజయ్య. కారేపల్లి మనిషి.

"అవ్. మనం బీరువాకు ఏస్తలేమా, గట్లనే," అని నవ్వాను.

ట్యాంకరు సంగతి విని గోమతీబాయి ఆ తాళం తీసింది. "తోడుకోండి," అంది హిందీలో.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దమ్మా. మంచినీళ్లే పడతాయని నేను మాటివ్వలేను. మీరేం తాగుతారు?"

"ఈ బోరు కూలితే మా ఊరికి మళ్లీ ఎవరొస్తారు?"

ఒక్కో ఇంటి తాళమూ తెరుచుకుంది. ఆడవాళ్లు నెత్తిన కుండలతో వచ్చి, తాగే నీళ్లను మా మడ్ గుంటలో కుమ్మరించారు. అవి బురదవుతుంటే చూడలేకపోయాను. రాజయ్య ఆ రోజు ముఖం కూడా కడుక్కోలేదు.

మర్నాడు బోరు పూర్తయింది. కంప్రెసర్ పెట్టగానే నీళ్లు ఎగజిమ్మాయి. దోసిట పట్టి తాగాను. ఉప్పు.

గోమతీబాయి కూడా ఒక గుక్క నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు, మింగింది.

"ఒంటెలు తాగుతాయి, మేకలు తాగుతాయి. ఇన్నాళ్లూ వాటికీ మా నీళ్లే పోశాం," అంది. వెళ్లి గుంత అడుగున మిగిలిన నీళ్లకు మళ్లీ తాళం వేసింది.

నీళ్లు వెతకడానికి ముందు నీళ్లే ఖర్చుపెట్టాలని నాకెప్పటి నుంచో తెలుసు. ఆ ఖర్చు ఎవరి గొంతులోంచి వస్తుందో అక్కడ తెలిసింది.

తిరిగొచ్చాక కిన్నెరసాని వాగు పక్కన పని పడింది. రాజయ్య పైపు నీళ్లలో వేసి, పంపు మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"అన్నా, ఆన్ చేయమంటవా?"

అంతకుముందు ఆ మాట అతనెన్నడూ అడగలేదు.