బొంబాయికి నేనూ పోయాను

బొంబాయి గురించి ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అమీర్‌పేటలో పెళ్లయినా, పంజగుట్టలో ప్రార్థన అయినా, ఆ ఊరి మాట వస్తే అందరూ మా అన్న వైపే తిరుగుతారు. అన్నంటే మా పెద్దనాన్న కొడుకు. మేం వెళ్లొచ్చాక యుద్ధం మొదలైంది, ముగిసింది కూడా. నా వంతు మాత్రం రాలేదు.

ఆ ఎండాకాలం మేమిద్దరం కలిసే పోయాం. మూడో తరగతి పెట్టెలో, వాడి జంక్షన్‌లో రైలు మారి, ఇంట్లో కట్టిచ్చిన జొన్నరొట్టెలూ పల్లీల పొడీ తింటూ. మా క్రైస్తవ సంఘం నుంచే కట్టడాల పనికి పోయి అక్కడ స్థిరపడ్డ ఒక మేస్త్రీ ఉండేవాడు. ఆయన వసారాలోనే మా పడక. అన్న కొత్త చెప్పులు వేసుకొచ్చాడు. మొదటి రోజుకే కాళ్లు బొబ్బలెక్కాయి. "నాతోని కాదురా, నువ్వు చూసి రాపో, వచ్చి నాకు చెప్పు" అన్నాడు. నాకు జాలేసింది.

ట్రాము ఎక్కకుండా నడిచే చూశాను. అమీర్‌పేట నుంచి పంజగుట్టకు వస్తుంటే మధ్యలో బండలూ సీతాఫలం చెట్లూ తగులుతాయి. బొంబాయిలో అలాంటి ఖాళీయే లేదు, ఒక బజారు ముగిసేచోటే ఇంకొకటి మొదలు. ఓడల రేవు చూశాను, మిల్లులు వదిలే వేళ జనాన్ని చూశాను. దారికి అడ్డం నిలబడ్డానని ఒక చేపలామె నన్ను వాళ్ల భాషలో తిట్టింది. సముద్రం దగ్గరికీ పోయాను. అయితే నా కాళ్లకున్నవి మేనమామ దగ్గర అడిగి తెచ్చుకున్న బూట్లు. తడిస్తే మామ ఊరుకోడు, విప్పి పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు. నీళ్లకు దూరంగా నిలబడి చూసి వచ్చేశాను.

రోజూ సాయంత్రం చూసిందంతా అన్నకు చెప్పేవాణ్ణి. ఒకనాడు తిరిగొచ్చేసరికి వసారా ఖాళీ. చీకటి పడ్డాక మేస్త్రీ, ఆయన భార్య, అన్న నవ్వుకుంటూ వచ్చారు. ప్రార్థన కూటానికి పోయామన్నారు. నమ్మాను.

ఊరికి పోయి క్షేమంగా వచ్చినవాళ్లు ఆదివారం గుడిలో లేచి దేవునికి స్తోత్రం చెప్పి, చూసింది నాలుగు మాటలు పంచుకోవడం మా ఆనవాయితీ. పెద్దవాడని అన్నను ముందు లేపారు. నేను చూసిన ఓడలు, నేను చూసిన మిల్లులు అతని నోట వచ్చాయి. చేపలామె తిట్టింది కూడా అతన్నేనట. ఓర్చుకున్నాను. తర్వాత సముద్రం వచ్చింది.

"అల ఎనుకకు పోతుంటే కాళ్ల కింద ఇసుక సుత దాంతోనే జారిపోతది. నిలబడ్డ జాగే మనల్ని ఇడిచిపెట్టినట్టుంటది" అన్నాడు. ఆడవాళ్ల వైపు ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

ఆ మాట నేను చెప్పలేదు. నీళ్లలో దిగనివాడికి ఎలా తెలుస్తుంది?

నేనూ లేచాను. సంఘపెద్ద నా వైపు చూసి, "నువ్వు సుత పోయినవా బిడ్డా?" అన్నాడు. అందరూ నవ్వారు. పాట ఎత్తుకున్నారు. కూర్చున్నాను.

మర్నాడు బావి దగ్గర మా పెద్దమ్మ అన్న పైజామా అంచు మడత విప్పి దులిపితే ఇసుక రాలింది. అన్నను అడిగాను. "గిదేం అడుగుడురా, సముద్రం సంగతి ఎవలికి తెల్వది?" అని సైకిలెక్కి పోయాడు. మొన్న మా ఇంట్లోనే, మా బిడ్డ బాప్తిస్మం విందులో, ఆ ఇసుక మాట మళ్లీ చెప్పాడు. మధ్యలో గొంతు ఎండిందని నన్నే నీళ్లు తెమ్మన్నాడు. తెచ్చాను.

అన్నా, ఓడలు నువ్వే ఉంచుకో. చేపలామెనూ ఉంచుకో. ఆ సాయంత్రం మీరు ముగ్గురూ సముద్రానికి పోతూ నా కోసం కాసేపు ఎందుకు ఆగలేదు? వద్దన్నది మేస్త్రీయా, నువ్వా? ఈసారి సైకిలెక్కకుండా జవాబు చెప్పు.